మార్తమ్మ పక్కన మోగిన మిషన్

నేను కరెంటు పనివాణ్ణి. కంటికి కనపడని దానితోనే నా బతుకంతా గడిచింది. కనపడకపోయినా కరెంటు ఉందో లేదో టెస్టర్ పెడితే తెలిసిపోతుంది. టెస్టర్‌కి గానీ మీటర్‌కి గానీ అందనిది ఈ లోకంలో లేదని నా నమ్మకం. ఇంట్లో ఆడవాళ్లు దిష్టి తీస్తుంటే ఎగతాళి చేసేవాణ్ణి. దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే, ఆ పూట ఏం తాగావని అడిగేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనడం లేదు. నాకు జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ప్రత్తిపాడుకు కాస్త దూరంలో ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. పత్తి నుంచి గింజ తీసి దూదిని బేళ్లు కట్టే మిల్లు. సీజన్‌లో ట్రాక్టర్లు, లారీలు గేటు బయట వరసగా నిలబడేవి. లోపల ముప్పై మంది దాకా ఆడవాళ్లు చప్టా మీద కూర్చుని పత్తిలో ఆకులు, పురికొసలు, గుట్కా కాగితాలు ఏరేవాళ్లు.

అక్కడ అందరికీ ఒకటే భయం, నిప్పు. పత్తిలో చిన్న ఇనుపముక్క ఉన్నా అది మిషన్ కత్తులకు తగిలి రవ్వ లేస్తుంది. రవ్వ దూదిలో పడితే పైకి ఏమీ కనపడదు. లోపల్లోపల రాజుకుంటుంది. నేను చేరిన నెలలోపే రెండుసార్లు అంటుకుంది. రెండోసారి ఒక కూలీకి మోచేతుల దాకా కాలింది.

ఇది ఎవరో కావాలని చేస్తున్న పని అని ఓనరు గారికి అనుమానం పట్టుకుంది. పత్తి ఏరేవాళ్లలోనే ఒకరు మేకులు కలుపుతున్నారని ఆయన లెక్క. ఎవరికీ చెప్పకుండా మద్రాసు వెళ్లి, పాత సామాన్ల మార్కెట్‌లో ఒక మెటల్ డిటెక్టర్ కొనుక్కొచ్చాడు. దాన్ని నా టేబుల్ మీద పెట్టి, "వారం రోజుల్లో నేర్చుకో శ్రీనూ. ఇనుము ఎక్కడుందో దాంతో చెప్పించు. కలిపేదెవరో నేను తేలుస్తా" అన్నాడు.

పొడవాటి కర్ర, కింద అన్నం పళ్లెమంత చక్రం, పైన మీటరున్న పెట్టె. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేదు. నాబ్‌ల పక్కన అక్షరాలు అరిగిపోయాయి. అంతకు ముందు ఎవరు వాడారో, దేనికి వాడారో తెలియదు. నేను అలాంటి మిషన్‌ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఆన్ చేయగానే కీచుమని ఒకటే మోత. ఇనుము దగ్గరా మోత, ఉత్త గాలిలోనూ మోత. కాసేపు ఆగేది, ఎవరూ కదపకుండానే మళ్లీ కూసేది. అమ్మినవాడు మోసం చేశాడనే అనుకున్నాను. అయినా పని చేయని మిషన్‌ను వదిలిపెట్టడం నాకు చేతకాదు.

ముందు కొత్త సెల్స్ వేశాను. సెల్స్ పెట్టే చోట స్ప్రింగులకు చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్దాను. కొంచెం తగ్గింది. మిల్లు మోటార్లు తిరుగుతుంటే ఒకలా, ఆగితే ఒకలా కూస్తోందని గమనించి, దాన్ని పక్కనే ఉన్న పత్తి చేలోకి పట్టుకెళ్లాను. అక్కడా మోగింది. తల పైకెత్తి చూస్తే కరెంటు తీగల కిందే నిలబడి ఉన్నాను. ఇంకా లోపలికి పోయాను. అయినా మోగింది. నా బెల్టు బకిల్, చేతి గడియారం, తాళాలు తీసి గట్టున పెట్టాను. జేబులో టెస్టర్ ఉంచుకుని అరగంట ఇనుము కోసం వెతికిన తెలివి నాది.

కర్ర ఊపితే చాలు గొంతు మారేది. చక్రం నుంచి పెట్టెకు వచ్చే వైరు వదులుగా ఊగుతున్నందుకు అది. కర్రకు బిగించి చుట్టి టేపు వేశాను. చక్రం అంచున సన్నటి పగులు ఉంది. పొద్దున్నే మంచు తడి అందులోకి దిగి గోల చేస్తోంది. ఎండలో ఆరబెట్టి జిగురు పూశాను. నల్లరేగడికి ఆనిస్తే ఒక కూత, లేపితే ఒక కూత. దానికి వేరే నాబ్ ఉందని తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. చివరికి తెలిసిన అసలు తప్పు నాదే. ఎక్కువ పెడితే ఎక్కువ దొరుకుతుందని సెన్సిటివిటీ నాబ్‌ను చివరి దాకా తిప్పి పెట్టాను. సగానికి తగ్గించేసరికి మిషన్ నోరు మూసింది.

అయిదో రోజుకు అది చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది. పత్తి మీద ఆడిస్తే నిశ్శబ్దం. జానెడు లోతున మేకు పెడితే ఒకే గొంతుతో కూత. ఆ వారంలో ఒక కొడవలి మొన, సైకిల్ చువ్వ, గొడుగు ఊచ, తలుపు గడియ దొరికాయి. అన్నీ చేలల్లోంచి, ట్రాక్టర్ తొట్టెల్లోంచి పొరపాటున వచ్చేవే. కావాలని వేసినవిగా నాకు కనపడలేదు. ఆ మాట చెబితే ఓనరు గారికి నచ్చలేదు.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, టీ కోసం మోటార్లు ఆపిన సమయంలో, చప్టా మీద మిషన్ ఆడిస్తున్నాను. అది రాళ్ల మీద సిమెంటు పోసిన చప్టా, కింద ఊచలు లేవని ముందే కనుక్కున్నాను. అయిదో వరస దగ్గర కూత వచ్చింది. ఇనుముకు వచ్చే కూత కాదు. మెల్లగా పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది. మొదటి రోజుల్లో విన్న పిచ్చి కూతా కాదు. ఎవరో ఇనుప వస్తువు పట్టుకుని మన ముందు నుంచి నడిచి వెళితే ఎలా ఉంటుందో అలా ఉంది.

అక్కడి పత్తంతా తీయించాను. ఏమీ లేదు. కూత వస్తూనే ఉంది. చప్టా మీద అంగుళం అంగుళం చూసుకుంటూ పోతే అది మార్తమ్మ దగ్గర తేలింది.

మార్తమ్మకు యాభై దాటి ఉంటాయి. పక్క ఊరి పాలెం నుంచి వచ్చేది. ఆదివారం చర్చి తప్ప పని మానడం తెలియని మనిషి. ఆమె భర్త దావీదు అదే మిల్లులో బేరింగులకు నూనె పోసే పని చేసేవాడట. నేను చేరడానికి ముందు వానాకాలంలో కామెర్లు వచ్చి ఇంట్లోనే పోయాడు. నేను అతన్ని చూడలేదు.

ఆడవాళ్ల మేస్త్రి కోటయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏందన్నా, ఆమెకాడే మోగతంది?" అని అందరికీ వినపడేలా అడిగాడు. ఓనరు గారు గదిలోంచి బయటికి వచ్చాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఎదురుచూస్తున్నది దొరికిన మనిషిలా ఉన్నాడు.

దానికి కారణం ఉంది. రెండోసారి నిప్పు అంటుకున్నప్పుడు అందరి ముందు నోరు తెరిచింది మార్తమ్మ ఒక్కతే. "ఇనప ముక్కలు కాదండి. బేరింగులు మాడిపోతన్నయ్. మా ఆయన పోయినకాడి నుంచి వాటికి నూనె పోసేవోళ్లు లేరు" అంది. ఓనరు గారు ఆ మాట మర్చిపోలేదు.

మార్తమ్మ జాకెట్టుకున్న పిన్నులు తీసి నా చేతిలో పెట్టింది. చేతికి గాజు గాజులే. కాలికి మెట్టెలు లేవు. అన్నం గిన్నె గేటు దగ్గరే ఉంది. అయినా కూత ఆగలేదు. బేళ్ల వెనక్కి తీసుకెళ్లి ఇద్దరు ఆడవాళ్లతో ఆమెను సోదా చేయించారు. ఏమీ దొరకలేదు. ఆమె చీర సర్దుకుంటూ వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా తన చోట్లోనే కూర్చుని మళ్లీ పత్తి ఏరుకుంది. నేను మిషన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె చెప్పిన మాట మీద నేను ఇరవై ఏళ్లకు పైగా ఆలోచిస్తున్నాను. "నా మీద మోగట్లేదు బాబూ. నా పక్కన మోగతంది. సరింగా పెట్టి చూడండి" అంది.

పెట్టి చూశాను. ఆమె తల మీద నిశ్శబ్దం. ఒడిలో నిశ్శబ్దం. ఆమె ఎడమ భుజానికి చాచిన చేయంత దూరంలో, ఉత్త గాలిలో, కూత. కిందకు దించితే తగ్గింది, పైకి లేపితే తగ్గింది. టేపుతో కొలిచాను. చప్టా నుంచి మూడడుగులకు కొంచెం తక్కువ ఎత్తులో అన్నిటికంటే గట్టిగా మోగుతోంది. అక్కడ ఏమీ లేదు. చేయి పెట్టి చూశాను. చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు. కొలత ఒక సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

నా అనుమానం ముందు మిషన్ మీదకు పోయింది. పెట్టె విప్పి మళ్లీ అన్నీ చూశాను. మిగతా చప్టా అంతా నిశ్శబ్దం, మేకుకు సరైన కూత. మిషన్‌లో తప్పు లేదు. తర్వాత అనుమానం మార్తమ్మ మీదకు పోయింది. ఒంట్లో ఏదైనా ఇనుప ముక్క ఉందేమోనని, ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా అని అడిగాను. పిల్లలు పుట్టకుండా చేసేది తప్ప ఇంకేమీ కాలేదంది. అయినా మోగేది ఒంటి మీద కాదు కదా. తర్వాత కోటయ్యను అనుమానించాను. ఓనరు గారి మెప్పు కోసం సన్నటి తీగ ఏదైనా కట్టాడేమోనని పైకప్పు దాకా నిచ్చెన వేసి చూశాను. ఓనరు గారినీ అనుమానించాను. ఆమెను పంపించడానికి సాకు కావాలని ఆయనే ఏదో చేశాడనిపించింది. మిషన్ తెచ్చిందే ఆయన.

చివరికి నన్ను నేను అనుమానించాను. అక్కడికి రాగానే నా చేయే వణుకుతోందేమో! అందుకని కోటయ్య చేతికి ఇచ్చి, ఎక్కడ పెట్టాలో చెప్పకుండా వరసంతా నడవమన్నాను. నేను మీటరు ముల్లు ఒక్కటే చూశాను. అదే చోట లేచింది.

బుధవారం మార్తమ్మ చోట్లో ఇంకొక ఆమెను కూర్చోబెట్టాను. నిశ్శబ్దం. మార్తమ్మను వేరే చోట కూర్చోమన్నాను. అక్కడా మొదట నిశ్శబ్దమే. మిషన్ దించబోతున్నాను, అప్పుడు వచ్చింది కూత. ఆమె ఎడమ పక్కన, అదే దూరంలో, అదే ఎత్తులో. ఆమెను ఆరుబయట, ఏ ఇనుమూ లేని చోట నడిపించాను. ఆమె నాలుగు అడుగులు వేసి ఆగితే, కూత రెండు మూడు క్షణాలు ఆలస్యంగా వచ్చి ఆగేది. మెల్లగా నడిచే మనిషి వెనక నుంచి వచ్చి పక్కన చేరినట్టు.

అప్పుడు మార్తమ్మ నన్ను ఎంత ఎత్తులో మోగుతోందని అడిగింది. ఇక్కడ అని చేత్తో చూపించాను. ఆమె కాసేపు ఆ చోటునే చూసింది.

"ఆయన ఎప్పుడూ నడుముకి స్పానర్ దోపుకునేవోడు బాబూ. బేరింగు మూతలు విప్పేది. ఇంటికొచ్చినా తీసేవోడు కాదు. అన్నం తినేటప్పుడు కూడా గుచ్చుకుంటదని నేనే తీసి పెట్టేదాన్ని" అంది.

ఆమె కథ అల్లుతోందనే నాకు అనిపించింది. ఎత్తు నేను చూపించాకే కదా ఆమె స్పానర్ మాట ఎత్తింది! కానీ సాయంత్రం లారీ తూకం వేసే ముసలాయన్ని వేరేగా అడిగాను, దావీదు పనిముట్లు ఎక్కడ పెట్టుకునేవాడని. "నడుముకి. ఎడమ చేతివాటం మనిషి. పాతిపెట్టేటప్పుడు కూడా ఆ స్పానర్‌ను శవపెట్టెలో పెట్టింది మార్తమ్మ" అన్నాడు.

ఆ సాయంత్రమే మెట్లెక్కి, మిషన్లను తిప్పే షాఫ్టు బేరింగులు చూశాను. ఒకదాని మీద చేయి పెట్టి వెంటనే తీసేశాను. అరచేయి కాలింది. మూత విప్పితే లోపల నూనె చుక్క లేదు, నల్లటి పొడి ఉంది. మార్తమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఓనరు గారికి చెప్పాను. "నీకు చెప్పిన పని ఏంటి, నువ్వు చేస్తున్నదేంటి?" అని అరిచాడు.

గురువారం పొద్దున అందరినీ చప్టా దగ్గర నిలబెట్టారు. ఓనరు గారు నా వైపు తిరిగి, "ఒక్కటే మాట చెప్పు. ఆమె దగ్గర మోగిందా, మోగలేదా?" అని అడిగాడు.

మిషన్ చెడిపోయింది అని చెప్పవచ్చు. అంతా అక్కడితో ఆగిపోయేది. కానీ ఆ మిషన్‌ను బాగుచేసింది నేను. అది తప్పు చెబుతోందంటే నాకు పని రాదన్నట్టు. పక్కన మోగింది అని చెప్పవచ్చు. పిచ్చివాడంటారు. ఉద్యోగం కొత్త. నేను "మోగిందండీ" అన్నాను.

మార్తమ్మ నన్ను తిట్టలేదు. చీరకు అంటిన పత్తి దులుపుకుంది. వెళ్లేటప్పుడు తన ఎడమ పక్కకు ఒకసారి తిరిగి చూసి, గేటు దాటింది.

ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆమె కూర్చున్న చోట మిషన్ పెట్టాను. మోగింది. ఖాళీ చోట, అదే ఎత్తులో. శుక్రవారం కూడా మోగింది. ఆ వరసలో కూర్చోవడానికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. శనివారం పొద్దున కూత ఒక చోట నిలవలేదు. చప్టా ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఇటు, వరస తర్వాత వరస తిరిగింది. దాని వెనక మిషన్ పట్టుకుని నేనూ తిరిగాను. గేటు దాకా వచ్చింది. అక్కడ ఇనుప గేటు వల్ల మిషన్ తికమక పడుతుంది కాబట్టి ఆ తర్వాత ఏమైందో చెప్పలేను. ఆ సాయంత్రం చప్టా అంతా నిశ్శబ్దం.

ఆదివారం చర్చి వదిలే వేళకు సైకిల్‌కి మిషన్ కట్టుకుని పాలెం వెళ్లాను. క్షమించమని అడగడానికి వెళ్లానని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం, కూత ఆమె వెంట ఇంటికి వచ్చిందేమో చూడాలని వెళ్లాను. నా అనుమానం ఇంకా తీరలేదు.

మార్తమ్మ నన్ను చూసి నులక మంచం వాల్చింది. మంచినీళ్లిచ్చింది. మిషన్ ఎందుకు తెచ్చానో అడగలేదు. తనే వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, ఎడమ పక్క చోటు వదిలింది.

ఆన్ చేశాను. ఎడమ పక్క నిశ్శబ్దం. కుడి పక్క, వెనక, గడపలో, మంచం చుట్టూ అంతా నిశ్శబ్దం. మేకు పడేసి చూశాను, సరిగ్గా కూసింది. వాకిలంతా రెండుసార్లు తిరిగాను. ఆమె నా ముఖమే చూస్తోంది.

"మోగట్లేదా?"

"లేదమ్మా."

మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు చూశాను. సోదా చేసినప్పుడు గానీ, పంపించేసినప్పుడు గానీ రాని నీళ్లు. "అయితే మిల్లుకాడే ఉండిపోయాడన్నమాట" అంది. కళ్లు తుడుచుకుని, "ఆడ మోగతందా ఇంకా?" అని అడిగింది.

శనివారం సాయంత్రం నుంచి అక్కడా లేదని చెప్పాలి. కానీ మోగుతోందన్నట్టు తలూపాను.

"రేపు ఆడికెళ్లినప్పుడు ఒక్క మాట చెప్పండి బాబూ. నేను ఇంటికాడే ఉన్నానని. దారి తెలుసులే ఆయనకి."

ఆ తర్వాత ఆమె మిరపకాయల తొడాలు తీసే పనికి పోయిందని విన్నాను. ఆమెను మళ్లీ పిలవమని ఓనరు గారిని అడిగే ధైర్యం నాకు రాలేదు. సీజన్ అయ్యాక బేరింగులు మార్పించారు. నేనున్నంత కాలం మళ్లీ నిప్పు అంటుకోలేదు. మిషన్‌ను గుంటూరులో రేడియోలు బాగుచేసే ఒకాయనకు చూపించాను. ఏ తప్పూ లేదు, శుభ్రంగా ఉందన్నాడు. ఎడమ పక్కన, మూడడుగుల ఎత్తున, ఉత్త గాలిలో అది దేనికి మోగిందో ఆయనా చెప్పలేదు, ఇన్నేళ్లలో నేనూ తేల్చుకోలేకపోయాను.

పాలెం వెళ్లొచ్చిన మర్నాడు, సోమవారం మధ్యాహ్నం, ఆడవాళ్లు అన్నాలకు వెళ్లాక, మార్తమ్మ కూర్చునే చోట మిషన్ ఆన్ చేసి నిలబడ్డాను. కూత లేదు. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. సిగ్గేసింది. అయినా, "మార్తమ్మ ఇంటి దగ్గరే ఉందయ్యా" అని పైకే చెప్పాను.

మిషన్ మోగలేదు. ఎవరికి చెప్పానో నాకు తెలియదు. చెప్పడం మాత్రం చెప్పాను.